ఇంతకీ నాటకం ఎలా ఉంది?

అమెరికావాళ్ళలో ఒక చెడ్డ హాస్యం ఉంది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో నాటకం చూస్తూ కూర్చున్న అబ్రహాం లింకన్‌ని వెనకనించి తుపాకీతో కాల్చారు కదా! పక్క కుర్చీలోనే ఉన్న ఆయన భార్యని తర్వాతెవరో పెద్దమనిషి పలకరించి, "అది సరేగానీ మిసెస్ లింకన్, ఇంతకీ నాటకం ఎలా ఉంది?" అని అడిగాడట. నిజంగా ఎవరూ అడగలేదు లెండి. కట్టుకథే. వినగానే నవ్వొస్తుంది, మరుక్షణం ఆ నవ్వుని మింగెయ్యాలనిపిస్తుంది.

కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. అది అడగవలసిన ప్రశ్నే. ఆ రాత్రికి ఆరున్నరేళ్ళ ముందునించీ ఆ నాటకం అటు అమెరికానీ, ఇటు ఇంగ్లాండునీ పగలబడి నవ్విస్తూనే ఉంది. అందులో వేషం కట్టినవాళ్ళలో ఇద్దరు మహానటులైపోయారు. దాని కోసం కోర్టుల్లో దావాలు నడిచాయి. అలాంటి నాటకాన్ని ఇవాళ ఒక హత్యకి చిరునామాగా తప్ప ఎవరూ తలుచుకోరు. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు అర వాక్యంలో వచ్చి పోతుంది. ఎవరు రాశారు, ఎవరు డబ్బుపెట్టి ఆడించారు, అసలందులో కథేమిటి... ఇవేవీ ఆ పుస్తకాలకి అక్కర్లేదు. నాకు అక్కరొచ్చింది. సీరియల్స్ రాసుకునేదాన్ని, కథ సగంలో ఆగిపోయిందంటే నాకు తోచదు. అందుకని నాటకం సంపాదించి మొదటినించి చివరిదాకా చదివాను.

పేరు 'అవర్ అమెరికన్ కజిన్'. మన అమెరికా చుట్టం అనుకోండి. రాసినాయన టామ్ టేలర్ అనే ఇంగ్లీషాయన. విక్టోరియా రాణి కాలంలో లండన్ నాటకశాలలకి ఈయన దాదాపు కుటుంబ వైద్యుడిలాంటివాడు. ఎవరికి ఏది కావాలన్నా రాసిచ్చేవాడు. ప్రభుత్వ ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో వందదాకా నాటకాలు రాశాడు. చివరి రోజుల్లో 'పంచ్' హాస్యపత్రికకి సంపాదకుడు కూడా అయ్యాడు. నేను బి.ఏ.లో ఇంగ్లీషు లిటరేచరు చదువుకున్న రోజుల్లో మా పాఠాల్లో షెరిడన్ తర్వాత తిన్నగా ఆస్కార్ వైల్డూ, బెర్నార్డ్ షా వచ్చేవారు. ఆ మధ్య వందేళ్ళూ ఇంగ్లీషువాళ్ళు నాటకాలు చూడ్డం మానేసి తపస్సు చేసుకున్నారేమో అనుకునేట్టు ఉండేది సిలబస్సు. నిజానికి జనం విరగబడి నాటకాలు చూసిన కాలం అదే. చదవడానికి పనికొచ్చేవి తక్కువ, చూడ్డానికి పనికొచ్చేవి బోలెడు. మన చుట్టంగారు ఈ రెండో రకం.

కథ చెబుతాను. ఇంగ్లాండులో ట్రెంచర్డ్ అనే పెద్ద జమీందారీ కుటుంబం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. జమీందారు సర్ ఎడ్వర్డ్ నిలువునా అప్పుల్లో మునిగి ఉన్నాడు. ఎస్టేటు వ్యవహారాలు చూసే కాయిల్ అనే ఏజెంటు దుర్మార్గుడు. ఎప్పుడో తీరిపోయిన తాకట్టు తాలూకు చెల్లు కాగితాన్ని దాచేసి, ఆస్తంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. మీ అమ్మాయి ఫ్లారెన్స్‌ని నాకిచ్చి పెళ్ళి చేస్తే సరి, లేకపోతే ఇల్లు వేలం వేయిస్తానంటాడు. ఆ అమ్మాయేమో ఓడ మీద ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఒక నౌకాదళం కుర్రవాణ్ణి ప్రేమించింది. కాయిల్ దగ్గర తాగుడుకి బానిసైన గుమాస్తా ఒకడున్నాడు. ఒకప్పుడు ఫ్లారెన్స్‌కి పాఠాలు చెప్పి, ఆమె మీద మనసు పడి, ఆ కారణంగానే చెడిపోయినవాడు. పాపం, అతనే ఆ కాగితం సంగతి బయటపెడతాడు.

ఇంత గందరగోళం మధ్యలోకి అమెరికాలోని వెర్మాంట్ నించి ఏసా ట్రెంచర్డ్ అనే దూరపు చుట్టం దిగుతాడు. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు, నాజూకు తెలీదు. స్నానాలగదిలో వేలాడుతున్న తాడు ఎందుకో అని లాగి నెత్తిన నీళ్ళు గుమ్మరించుకునే రకం. ఈ కుటుంబంలో వాళ్ళ మీద అలిగి అమెరికా వెళ్ళిపోయిన ముసలాయన తన ఆస్తంతా ఈ ఏసాకి రాసి చచ్చిపోయాడు. ఆ ముసలాయన సొంత మనవరాలు మేరీ మాత్రం చిల్లిగవ్వ లేకుండా, పాలు పితుక్కుంటూ, వెన్న తీసుకుంటూ బతుకుతోంది. ఏసా ఆ పిల్లని చూశాడు. చూసి ఏం చేశాడనుకున్నారు? జేబులోంచి వీలునామా తీసి, దాన్ని అంటించి, దాంతో చుట్ట వెలిగించుకున్నాడు! ఆస్తి పిల్లకి దక్కింది.

ఏమండీ, ఎక్కడో చదివినట్టుంది కదూ? దాచేసిన దస్తావేజు, విలన్ గుప్పిట్లో ఆస్తి, అప్పు తీర్చలేక పిల్లనిమ్మనడం, త్యాగమూర్తి అయిన తాగుబోతు. వారపత్రికల్లో సీరియల్స్ రాసే మా అందరి చేతిసంచుల్లోనూ ఈ సరుకు ఉంటుంది. దాని పుట్టుకని తవ్వుకుంటూ పోతే ఆ కాలపు నాటకశాలల వెనక గుమ్మాల దగ్గర తేలతాం. మెలోడ్రామా అని చులకన చేస్తాం గానీ, ఇల్లు పోతుందన్న భయం, ఇష్టంలేని మనువు భయం ఏ కాలంలోనైనా ఆడవాళ్ళకి బొత్తిగా కట్టుకథలేం కావు. టేలర్‌కి ఆ సంగతి తెలుసు. అందుకే ఆ భయాన్ని అడుగున పెట్టి, పైన హాస్యం పరిచాడు.

పరిచింది సరిగా అతకలేదన్నది నా అభిప్రాయం. ఏసా, మేరీల దృశ్యాలు బాగున్నాయి. ముఖ్యంగా అతను పాలు పితికే పిల్ల ముందు కూర్చుని ఆ ముసలాయన సంగతులు చెబుతూ వీలునామా తగలేసే చోట, అంతదాకా కోతిచేష్టలు చేసిన మనిషి నోట ప్రేమ అన్న మాటే రాకుండా ప్రేమ తెలిసిపోతుంది. అది రాసిన చెయ్యి మంచి చెయ్యే. కానీ కాయిల్ వచ్చినప్పుడల్లా కాగితాల గొడవ, నోరు తిరగని వివరణలు. ఫ్లారెన్స్ అసలు నాయిక అయ్యుండీ చెయ్యడానికేం లేదు. చలాకీగా మాట్లాడుతుంది, ఎదురుచూస్తుంది, అంతే. ఆమె సమస్యలన్నీ మొగవాళ్ళే తీరుస్తారు. పుస్తకంగా చూస్తే నూటికి నలభై అయిదు మార్కులు వేస్తాను.

ఆ మిగతా యాభై అయిదూ ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పాలంటే, లారా కీన్ దగ్గరికి వెళ్ళాలి.

ఈవిడ అసలు పేరు మేరీ ఫ్రాన్సిస్ మాస్. 1826లో ఇంగ్లాండులో పుట్టింది. చిన్నవయసులోనే పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. భర్త సారాదుకాణం నడిపేవాడు. ఏదో నేరంలో ఇరుక్కుంటే ప్రభుత్వం అతన్ని ఖైదీగా ఆస్ట్రేలియా పంపేసింది. చేతిలో ఇద్దరు పిల్లలు, ఎదురుగా శూన్యం. అప్పుడావిడ పేరు మార్చుకుని స్టేజి ఎక్కింది. లండన్‌లో మేడమ్ వెస్ట్రిస్ అని, తనే నాటకశాల నడిపిన గొప్ప నటి ఉండేది. లారా ఆవిడ దగ్గర నటనతోపాటు యాజమాన్యం కూడా నేర్చుకుంది. 1852లో అమెరికా వెళ్ళింది. కన్నకూతుళ్ళిద్దర్నీ లోకానికి మేనకోడళ్ళని చెప్పి పెంచింది. భర్త ఉన్నాడో లేడో తెలియని ఆడది, పైగా నటి... ఇద్దరు పిల్లల తల్లినని చెప్పుకుంటే ఆ రోజుల్లో టిక్కెట్టు ఎవరు కొంటారు? ఇంట్లో పిల్లలు ఆంటీ అని పిలుస్తుంటే ఆవిడ ప్రాణం ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

న్యూయార్క్‌లో మొదట ఒక థియేటర్ అద్దెకి తీసుకుని నడిపింది. బాగా నడుస్తున్న సమయంలో అద్దె కాగితంలో ఏదో మెలిక పెట్టి దాన్ని పోటీదారుకి కట్టబెట్టారు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. బ్రాడ్‌వే మీద కొత్త థియేటర్ కట్టించుకుని 1856 నవంబరులో తన పేరుతోనే తెరిచింది, 'లారా కీన్స్ థియేటర్' అని. నాటకాలు ఎంచుకోవడం, నటుల్ని కుదుర్చుకోవడం, దుస్తులు, తెరలు, ప్రకటనలు, నాయిక వేషం, అన్నీ ఆవిడే. కంపెనీలో నటులు ఆవిణ్ణి చాటుగా 'డచెస్' అని పిలిచేవారట. మహారాణిగారు అని. రిహార్సలుకి ఆలస్యమైతే ఊరుకునేది కాదు మరి. ఇంటిల్లిపాదికీ వేళకి అన్నీ అమర్చే ఇల్లాలికి కూడా ఇంట్లో ఇలాంటి ముద్దుపేరు ఒకటి ఉంటుంది. మీకు నేను చెప్పక్కర్లేదు.

1858లో ఆవిడ మనసంతా షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' మీద ఉంది. భారీగా వెయ్యాలని తెరలు గీయిస్తోంది. అవి తయారయ్యేదాకా రెండు వారాలు నెట్టుకు రావడానికి ఏదో ఒకటి కావాలి. టేలర్ దగ్గర డబ్బిచ్చి కొన్న నాటకం ఒకటి ఉంది కదా అని బయటికి తీశారు. ఇంట్లో కూర అయ్యేలోగా పిల్లలకి మరమరాలు పెట్టినట్టు. 1858 అక్టోబరు 15న వేశారు. ఆ మరమరాలు దాదాపు అయిదు నెలలు ఆడాయి! ఏ నాటకమైనా రెండు వారాలు ఆడితే గొప్ప అనుకునే రోజులవి. షేక్‌స్పియర్ మరుసటి ఏప్రిల్ దాకా గుమ్మంలో నిలబడవలసి వచ్చింది.

ఏసా వేషం జోసెఫ్ జెఫర్సన్ వేశాడు. అమెరికా మొరటువాణ్ణి ఎగతాళిగా కాకుండా, మనసున్న మనిషిగా చూపించాడు. తర్వాత 'రిప్ వాన్ వింకిల్' వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్న జెఫర్సన్ ఈయనే. ఫ్లారెన్స్ వేషం కీన్‌ది. ఇంక మిగిలింది లార్డ్ డన్‌డ్రేరీ అనే వేషం. తెలివితక్కువ దొర. టేలర్ రాసిన దాంట్లో ఆ వేషానికి నలభై ఏడు వాక్యాలేనని చెప్పుకుంటారు. అది ఎడ్వర్డ్ సదర్న్ అనే నటుడికిస్తే ముఖం మాడ్చుకున్నాడు. ఈ మాత్రం దానికి నేనెందుకు అన్నాడు. ఎలాగో ఒప్పించారు.

ఒప్పుకున్నాక చూడండి ఏం చేశాడో! చెంపల మీంచి భుజాల దాకా జారే గడ్డం పెట్టుకున్నాడు. కంటికి ఒంటి అద్దం. మాటలో నత్తి. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒక్క గెంతు. రిహార్సల్లో కాలు తడబడితే అందరూ నవ్వారనీ, ఆ తడబాటునే ఉంచేశాడనీ ఒక కథ. సామెతలు రెండు కలిపేసి చెబుతాడు. మన భాషలో అయితే, "దూరపు కొండలు పులుపు, అందని ద్రాక్షలు నునుపు" అని గంభీరంగా అనేసి, నేను తెలివైన మాటే అన్నానా లేదా అని జనం వంక చూస్తాడన్నమాట. రోజుకో మాట చేర్చాడు, వారానికో చేష్ట చేర్చాడు. కొన్నాళ్ళకి జనం చుట్టాన్ని మరిచిపోయి దొర కోసం రావడం మొదలుపెట్టారు. పిట్టంత వేషం నాటకాన్నంతా మింగేసింది.

మన దగ్గరా ఇది లేకపోలేదు. కాళ్ళకూరి నారాయణరావుగారి 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్రని నటులు తరతరాలుగా సొంత మాటలతో పెంచుతూ పోయారు. ఆయన రాసిన సంస్కరణ నాటకం ఎటో పోయింది. అందులో ఒక కులాన్ని అవమానిస్తున్నారన్న అభ్యంతరాలు రాగా రాగా, చివరికి 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలనే నిషేధించింది. నటుడు చేర్చిన మాట చప్పట్లు కొట్టించుకుంటుంది. తర్వాత దానికి జవాబు చెప్పుకోవలసింది మాత్రం నాటకం. డన్‌డ్రేరీ విషయంలో ఆ ముప్పు రాలేదు. వెక్కిరింపుకి గురైంది దొరలు, ఆ దొరలే ముందు వరసల్లో కూర్చుని నవ్వారు.

1861 నవంబరులో సదర్న్ ఆ వేషాన్ని లండన్‌లో హేమార్కెట్ థియేటర్‌కి తీసుకెళ్ళాడు. మొదట్లో విమర్శకులు అటూఇటూగా రాశారు. తర్వాత మాత్రం వందల రాత్రులు ఆడింది. దుకాణాల్లో డన్‌డ్రేరీ కోట్లు, డన్‌డ్రేరీ కంఠవస్త్రాలు అమ్మారు. ఆ రకం చెంపగడ్డానికి ఆయన పేరే స్థిరపడి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కి కూర్చుంది. వేరే రచయితలు డన్‌డ్రేరీ మీద కొత్త నాటకాలు కట్టారు. దొరగారి తమ్ముడి పేరుతో కూడా 1865లో ఒకటి వచ్చింది. సదర్న్ 1881లో పోయేదాకా ఆ వేషం ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

మరి దీన్ని కొని, పెంచి, ఆడించినావిడ? కోర్టు మెట్లెక్కింది. నాటకం బాగా ఆడుతోందనగానే బోస్టన్‌లో ఒకరు, ఫిలడెల్ఫియాలో ఒకరు దాన్ని వేసేశారు. ఆవిణ్ణి అడగలేదు, పైసా ఇవ్వలేదు. నాటకకర్తలకి ప్రదర్శన హక్కులిస్తూ అమెరికాలో 1856లో చట్టమైతే వచ్చింది. కానీ టేలర్ విదేశీయుడు, ఆయనకది వర్తించదు. ఆయన దగ్గర కొన్న కీన్‌కీ వర్తించదు. జనంలో కూర్చుని చూసి, జ్ఞాపకం పెట్టుకుని వెళ్ళి ఆడుకుంటే తప్పు లేదన్నది ఆ రోజుల్లో న్యాయం. బోస్టన్ దావాలో 1860లో ఆవిడ ఓడిపోయింది. ఫిలడెల్ఫియా దావాలో 1861లో గెలిచింది. ఎందుకంటే అక్కడివాళ్ళు జ్ఞాపకం మీద ఆధారపడలేదు. కీన్ కంపెనీలో నాటకానికి చేర్చిన కొత్త మాటలూ, చేష్టలూ జెఫర్సన్ నించే వాళ్ళకి చేరాయి. నమ్మకద్రోహం కింద అది తప్పని న్యాయమూర్తి అన్నాడు.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించిన సంగతి ఇది. ఆ తీర్పు కోసం కోర్టు ఒక ప్రశ్న వేసుకోవలసి వచ్చింది: రచయిత రాసిన దానికి నటులు చేర్చిన మాటలు ఎవరివి? జెఫర్సన్‌కి తన మాటలు తనవే అనిపించి ఉండొచ్చు. కానీ ఆ మాట పుట్టిన స్టేజి ఆవిడది, ఆ వేళకి దీపాలు వెలిగించిన ఖర్చు ఆవిడది, బాగాలేకపోతే మునిగేదీ ఆవిడే. వంట బాగుంటే వడ్డించినవాళ్ళని మెచ్చుకుని వెళ్ళిపోతారు చూడండి, అలా జరిగింది ఆవిడకి. జెఫర్సన్ మంచివాడే. తన ఆత్మకథలో ఈ నాటకమే తనకీ, సదర్న్‌కీ, కీన్‌కీ ముగ్గురికీ జీవితంలో మలుపు అని ఒప్పుకున్నాడు. మలుపు తిరిగాక ఎవరెటు వెళ్ళారన్నదే తేడా. ఆయనకీ సదర్న్‌కీ ఐశ్వర్యం వచ్చింది. ఆవిడ 1863లో థియేటర్ వదిలేసుకుని, ఇద్దరు నటుల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి ఆడ్డం మొదలుపెట్టింది.

అలా తిరుగుతూనే 1865 ఏప్రిల్‌లో రెండు వారాల ఒప్పందం మీద వాషింగ్టన్ వచ్చింది. ఫోర్డ్స్ థియేటర్‌లో పద్నాలుగో తేదీ శుక్రవారం ఆవిడ ఆఖరి రోజు, ఆవిడ బెనిఫిట్ నైట్. అంటే ఆ రాత్రి వసూలు ఆవిడది. గుడ్ ఫ్రైడే నాడు నాటకానికి జనం రారేమో అన్న బెంగ ఉండేదే. ప్రెసిడెంటు వస్తున్నాడని మధ్యాహ్నం తెలిసింది. ఆ రాత్రి పంచిన కరపత్రం అచ్చు ఇప్పటికీ దొరుకుతుంది. ఈ నాటకాన్ని అమెరికాలో మొట్టమొదట వేసింది మిస్ కీనేననీ, వెయ్యి రాత్రులకి పైగా ఆడిందనీ అందులో ప్రత్యేకంగా అచ్చువేశారు. కోర్టులు ఖాయం చెయ్యని హక్కుని కరపత్రం మీద రాసుకుందన్నమాట.

నాటకం మొదలయ్యాక లింకన్ దంపతులు ఆలస్యంగా వచ్చారు. నాటకం ఆపి, బ్యాండు వాయించి, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మళ్ళీ మొదలైంది. జాన్ విల్క్స్ బూత్ ప్రేక్షకుడిగా రాలేదు, కానీ అతనికి ఈ నాటకం బాగా తెలుసు. నటుడు, నటుల కుటుంబంలో పుట్టినవాడు. ఫిలడెల్ఫియాలో కీన్‌కి చెప్పకుండా నాటకం వేసినవాళ్ళలో క్లార్క్ అనే నటుడున్నాడే, అతను బూత్‌కి స్వయానా అక్క మొగుడు. మూడో అంకం రెండో దృశ్యంలో ఒక చోట స్టేజి మీద ఒక్కడే మనిషి ఉంటాడనీ, అతని మాటకి హాలు మొత్తం గొల్లుమంటుందనీ బూత్‌కి తెలుసు. ఆ దృశ్యం ఏమిటంటే, ఏసా దగ్గర ఇంక ఆస్తి లేదని తెలియగానే, అంతదాకా కూతుర్ని అతని మెడకి తగిలిద్దామని చూసిన మౌంట్‌చెసింగ్టన్ అనే పెద్దావిడ నీకు మర్యాద తెలీదని చీదరించుకుని వెళ్ళిపోతుంది. ఏసా ఒంటరిగా నిలబడి ఆవిడ వెళ్ళిన వైపు చూస్తూ ఘాటుగా ఒకటి అంటిస్తాడు. హాలు పగిలేలా నవ్వు. ఆ నవ్వులో తుపాకీ చప్పుడు కలిసిపోయింది.

పెళ్ళి బేరాలాడే తల్లి మీద వేసిన జోకు అది. రచయిత రాసిన నవ్వుని, వేలసార్లు పండిన నవ్వుని, ఒక హంతకుడు గడియారంలా వాడుకున్నాడు. నవ్వించడం తెలిసినవాళ్ళెవరికైనా ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నవ్వు ఎంత నమ్మకంగా వస్తుందో అంత ప్రమాదమైపోయింది.

అప్పుడు స్టేజి మీదున్న హ్యారీ హాక్, కత్తి పట్టుకుని దూకినవాణ్ణి చూసి ప్రాణభయంతో పారిపోయాడు. అతన్ని తప్పుపట్టలేం. హాలంతా కేకలు, తొక్కిసలాట. లారా కీన్ ముందుకొచ్చి జనాన్ని శాంతంగా ఉండమని చెప్పింది. తర్వాత నీళ్ళు తీసుకుని ప్రెసిడెంటు బాక్సులోకి వెళ్ళింది. మొదట వైద్యం చేసిన డాక్టరు లీల్ చెప్పిన ప్రకారం, ఆవిడ అనుమతి అడిగి ఆయన తలని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ చేతిపట్టీ ఒకటి, ఆ నెత్తుటి మరకతో, వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఇవాళ్టికీ ఉంది. లింకన్ మర్నాడు పొద్దున్న పోయాడు. తర్వాతి ఊళ్ళో ఆడ్డానికి బయల్దేరిన కీన్‌ని దారిలో హారిస్‌బర్గ్‌లో పట్టుకున్నారు, హత్యతో సంబంధముందేమోనని. తర్వాత వదిలేశారు.

థియేటర్ కట్టించిన మనిషిగా, నాటకం ఎంచిన మనిషిగా ఎవరికీ గుర్తులేని ఆవిడ, ఒక పెద్దమనిషి తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిగా మాత్రం గుర్తుండిపోయింది. ఆడవాళ్ళ విషయంలో చరిత్రకి ఒడి మీద ఉన్న శ్రద్ధ చేతుల మీద ఉండదు. ఆవిడ మరో ఎనిమిదేళ్ళు కష్టపడింది. ఫిలడెల్ఫియాలో మళ్ళీ ఒక థియేటర్ నడిపింది, కళల మీద ఒక పత్రిక పెట్టింది. క్షయవ్యాధితో 1873 నవంబరులో, నలభై ఏడో ఏట పోయింది.

ఆ భవనాన్ని ప్రభుత్వం తీసుకుని ఆఫీసు చేసింది. 1893లో అంతస్తులు కూలి ఇరవైరెండు మంది గుమాస్తాలు చచ్చిపోయారు. 1968లో దాన్ని మళ్ళీ థియేటర్‌గా తెరిచారు. నాటకం సంగతి అంటారా? 1908లో సదర్న్ కొడుకు న్యూయార్క్‌లో తండ్రి వేషం కట్టి డన్‌డ్రేరీని మళ్ళీ నవ్వించాడు. ఆ తర్వాత అరుదుగా ఎక్కడో. 2008లో ఎరిక్ సాయర్ అనే సంగీతకర్త ఇదే పేరుతో ఒక ఒపేరా తయారుచేశాడు. కానీ అందులో కథ ఏసాదీ, మేరీదీ కాదు. ఆ రాత్రిదే.

కాబట్టి, ఇంతకీ నాటకం ఎలా ఉంది? నా జవాబు: చదివితే ఫరవాలేదు, ఆ దొర వేషం కట్టగలిగినవాడు దొరికితే చాలా బాగుంటుంది. ఆ దొర లేకపోయినా, చుట్ట వెలిగించే దృశ్యం ఒక్కటి ఇప్పటికీ నిలబడుతుంది. చదవదలిస్తే మాత్రం మూడో అంకం రెండో దృశ్యం దగ్గర ఆగకండి. ఆ తర్వాత ఇంకా కథ ఉంది. తాగుబోతు గుమాస్తా సాయంతో ఏసా కాయిల్ బీరువా గొడ్డలితో పగలగొట్టి చెల్లు కాగితం బయటికి లాగుతాడు. కాయిల్ పరువు పోయి తప్పుకుంటాడు. సర్ ఎడ్వర్డ్ ఇల్లు నిలబడుతుంది. దొరగారి జుట్టుకి వేసుకునే రంగు సీసా దాచేసి, అది తిరిగివ్వాలంటే మా వాడికి ఓడ ఇప్పించమని ఏసా ముందే బేరం పెట్టి ఉన్నాడు కనక, నౌకాదళం కుర్రవాడికి ఓడ దొరికింది. ఇంక ఫ్లారెన్స్ అతన్ని చేసుకోవడానికి అడ్డు లేదు. మేరీ, ఏసా ఒకటవుతారు. వంటవాళ్ళూ, నౌకర్లూ సహా అందరూ జంటలు జంటలుగా ముందుకొచ్చి నిలబడతారు. ఫ్లారెన్స్ వేషానికి అసలైన చప్పట్లు ఆ చివర్లోనే.